షాకు చికిత్స – జ్ఞాపకాల లెక్క

"కరెంటు షాకు" అనగానే మన ఇళ్లలో అందరి ముఖాలూ వాడిపోతాయి. ఆ చికిత్స చరిత్రను నాకు తెలిసినంతలో మీ ముందుంచుతున్నాను.

1938 ఏప్రిల్‌లో రోమ్ నగరంలో ఉగో చెర్లెట్టి, లూచియో బినీ అనే వైద్యులు మొదటిసారిగా ఒక రోగి తలకు కరెంటు ఇచ్చి ఫిట్స్ రప్పించారు. మేలు చేసేది కరెంటు కాదు, ఆ ఫిట్సేనని వారి నమ్మకం. అంతకు నాలుగేళ్ల ముందు బుడాపెస్ట్‌లో మెడూనా అనే వైద్యుడు కర్పూరం ఇంజెక్షనుతో ఇదే పని చేశారు. తొలి రోజుల్లో మత్తు ఇచ్చేవారు కాదు. కొందరికి ఎముకలు విరిగేవి. 1950లలో మత్తుతోపాటు కండరాలను సడలించే మందు వాడకంలోకి వచ్చాక ఆ బాధ తగ్గింది. మరుపు మాత్రం మిగిలింది.

మారిలిన్ రైస్ అమెరికా వాణిజ్య శాఖలో ఆర్థికవేత్త. 1973లో ఈ చికిత్స పొంది తిరిగి ఆఫీసుకు వెళితే, ఏళ్ల తరబడి చేసిన పనే ఆమెకు గుర్తు లేదు. ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. సర్వీసంతా లెక్కల ఫైళ్లతో గడిపిన నాకు, ఆమె పోగొట్టుకున్నది ఎంతో తెలుస్తున్నది. మరుపు సంగతి రోగికి ముందే చెప్పి తీరాలంటూ 1984లో ఆమె ఒక సంఘం స్థాపించారు.

1975లో లారీ స్క్వయర్ బృందం రోగులను పాత టీవీ కార్యక్రమాల గురించి అడిగింది. ఇటీవలి ఏళ్లవి మరుగునపడ్డాయి, అంతకు ముందువి నిలిచాయి. 2003లో బ్రిటన్‌లో రోగుల అభిప్రాయాలను క్రోడీకరిస్తే, కనీసం మూడోవంతు మంది పోయిన జ్ఞాపకాలు తిరిగి రాలేదన్నారు. 2010లో 84 అధ్యయనాలను కలిపి చూస్తే, మందగింపు ఎక్కువగా మొదటి మూడు రోజులదేనని, రెండు వారాలు దాటాక తేరుకుంటారని తేలింది. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. వైద్యులు కొలిచింది కొత్త విషయం గ్రహించే శక్తిని. రోగులు చెప్పింది తమ సొంత గతం గురించి.

మత్తు, కండరాల మందు లేకుండా ఈ చికిత్స చేయరాదని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అన్నం మానేసి, చావే మేలనుకునే తీవ్రమైన కుంగుబాటులో ఇది ప్రాణం నిలుపుతుంది. కనుక బెదిరి పారిపోనక్కరలేదు. సంతకం పెట్టేముందు డాక్టరుగారిని అడగండి: ఎన్నిసార్లు ఇస్తారు? తలకు ఒక పక్కనా, రెండు పక్కలా? ఒక పక్క పద్ధతిలో మరుపు తక్కువ. పెన్షను, బ్యాంకు వివరాలు, ఆ ఏడాది ఇంట్లో జరిగిన ముఖ్య విషయాలు ముందే ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. ఇదే నా విన్నపం.