ఇంట్లో నెయ్యి కాసి అమ్మితే ఏ లెక్క?

పాలు కేంద్రంలో పోస్తే ఒక లెక్క, అవే పాలు తోడేసి చిలికి నెయ్యి అమ్మితే ఇంకో లెక్క. ఈ తేడా ఎలా వచ్చిందో చెప్తాను.

1970లో క్షీర విప్లవం మొదలైంది. యూరప్ దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడి, బటర్ ఆయిల్ ఇక్కడ అమ్మి, ఆ డబ్బుతో డైరీలు పెంచారు. మంచి పనే, కాదనను. మన పాలకి వెన్న శాతం చూసి డబ్బు వచ్చింది. కానీ మన పని పాలు పోయడం వరకే అయిపోయింది. వెన్న, నెయ్యి ఫ్యాక్టరీ వంతు.

1992 పాల ఉత్తర్వు రోజుకి 10,000 లీటర్లు దాటిన డైరీలకే. రెండు గేదెలున్నోడి జోలికి రాలేదు.

మన గుమ్మం దాకా వచ్చింది 2006 ఆహార భద్రత చట్టం. నిబంధనలు 2011 ఆగస్టులో అమలయ్యాయి. సహకార సంఘం సభ్యుడై పాలన్నీ సంఘానికే పోసే రైతుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "అన్నీ" అన్న మాట చూడండి! రెండు లీటర్లు ఆపి, నెయ్యి కాసి సంతలో అమ్మితే చిన్న ఆహార వ్యాపారి కింద నమోదు కావాలి.

ఫీజు ఏడాదికి 100 రూపాయలే పెట్టారు. కల్తీ నెయ్యి రోజుల్లో ఆ కాగితం మనకే మేలు. నా బాధ వేరు. 2020లో రాష్ట్రం అమూల్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడూ మాటంతా పాల సేకరణ, కూలింగ్ యూనిట్ల గురించే. అదే ఏడాది కేంద్రం చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం సబ్సిడీ, 10 లక్షల దాకా, పెట్టింది. సంఘాల్లోని ఆడవాళ్లకి తలా 40,000 దాకా పెట్టుబడి కూడా అందులో ఉంది. పాలకేంద్రం గోడ మీద ఆ ముక్క రాసినోళ్లు మాత్రం నాకు కనపడలేదు.