పుసీపాజ్

ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాల్లో పెరిగే చిన్న బహువార్షిక మొక్క. శాస్త్రీయ నామం కాలిప్ట్రిడియం అంబెల్లేటం. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా, లాసెన్ ప్రాంతాలు, ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ పరిసరాల్లో విరివిగా కనిపిస్తుంది. మెత్తటి నల్లమట్టి దీనికి పట్టదు. నీరు నిలవని గ్రానైటు ఇసుక, అగ్నిపర్వతాలు వెదజల్లిన ప్యూమిస్ రాతిపొడి కావాలి.

గరిటె ఆకారపు దళసరి ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. మధ్యలోంచి బలమైన తల్లివేరు లోతుకు దిగుతుంది. మంచు కరిగాక ఆకుల చుట్టూ కాడలు వచ్చి, కొసన గులాబి, తెలుపు రంగుల పూగుత్తులు విచ్చుకుంటాయి. పైకి తిప్పిన పిల్లి పాదంలా ఉంటాయి కనుకే ఆ పేరు. దగ్గరగా చూస్తే ఆ రంగంతా రేకులది కాదు. ఒక్కో పువ్వుకు కాగితంలాంటి రెండు రక్షక పత్రాలుంటాయి. నాలుగు చిన్న రేకులు వాడిపోయినా అందం నిలిపేవి ఈ పత్రాలే.

దీని అసలు విశేషం కాడల కదలిక. చల్లటి వేళ ఇసుక మీద వాలి ఉంటాయి. మధ్యాహ్నం నేల కాగేసరికి పైకి లేచి, పూలను ఆ వేడికి దూరంగా పట్టుకుంటాయి. సాయంత్రం మళ్లీ వాలతాయి. ఇంత చిన్న మొక్కలో ఇంతటి ఏర్పాటు నిజంగా అబ్బురం.

నల్లగా మెరిసే గింజలను చిప్‌మంక్ అనే చారల ఉడుతలు ఇష్టంగా తింటాయి. ఒకప్పుడు దీన్ని మన గంగవాయిలి కూర కుటుంబంలోనే చేర్చేవారు. ఇప్పుడు మోంటియేసీ కుటుంబంలో ఉంచారు.