నూటికొక్క ఎలుక

గచ్చిబౌలిలో బగ్గులతో బతికే మనందరికీ తెలిసిన తలనొప్పి ఒకటుంది. వందసార్లు రన్ చేస్తే ఒక్కసారి వచ్చే బగ్గు. చాలామంది "మా దగ్గర రావట్లేదు" అని రాసి మూసేస్తారు. మూసెయ్యని ఒకాయన కథ ఇది. నేను బీటెక్ వాణ్ణే, డాక్టర్ని కాదు. చదివి తెలుసుకున్నదే రాస్తున్నాను.

లెరాయ్ స్టీవెన్స్ అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లాబొరేటరీలో పనిచేసేవాడు. పొగాకు కంపెనీ డబ్బుతో, సిగరెట్ల సరుకు ఎలుకలకి ఏం చేస్తుందో చూడడం ఆయన డ్యూటీ. 1953లో '129' అనే జాతి ఎలుక ఒకదానికి వృషణం వాచి కనిపించింది. కోసి చూస్తే లోపల కణితి. అందులో కండరం, ఎముక, వెంట్రుకలు అన్నీ కలగాపులగంగా! దీన్నే టెరటోమా అంటారు.

ఆ జాతి మగ ఎలుకల్లో అది నూటికి ఒకదానికే వచ్చేది. అయినా స్టీవెన్స్ వదల్లేదు. తరతరాలుగా ఎలుకల్ని పెంచుతూ, లెక్కలు రాస్తూ కూర్చున్నాడు. ఈ కణితి పిండం దశలోనే, బీజకణాల్లో మొదలవుతుందని తేల్చాడు. 1973లో కణితులు ఎక్కువగా వచ్చే ఉపజాతిని ప్రకటించాడు. ఆ లోపం పేరు 'టెర్'. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అదే వస్తే 94 శాతం మగ ఎలుకలకి కణితే!

ఆ లోపం ఏ జన్యువులో ఉందో 2005లో గానీ దొరకలేదు. 'డెడ్ ఎండ్' అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో మధ్యలోనే 'ఆపు' అనే సంకేతం పడి ప్రొటీన్ సగంలో ఆగిపోయింది. ఒక్క క్యారెక్టర్ తేడాకి ప్రోగ్రాం ఎగ్జిట్ అయిపోవడం మనకి కొత్తా?

మరి మనుషుల్లోనూ ఇదేనా? కాదు. మనలో ఆ లోపం బహు అరుదు. పైగా ఎలుకలకి వచ్చేది పసిపిల్లల్లో వచ్చే రకానికి దగ్గర, కుర్రాళ్ళకి వచ్చేది వేరు. కానీ 'స్టీల్' అనే ఇంకో జన్యువు చెడినా ఈ ఎలుకల్లో కణితులు పెరుగుతాయని ముందే తెలుసు. 2009లో మనుషుల మీద జరిగిన రెండు అధ్యయనాలు సరిగ్గా ఆ జన్యువు దగ్గరే వేలు పెట్టి చూపించాయి. అంటే స్టీవెన్స్ శ్రమ వృథా పోలేదు.

మందుల కథలో మనవాడూ ఉన్నాడండోయ్. 1960లో మిన్ చియు లి ముదిరిన వృషణ క్యాన్సర్లకి మూడు మందులు కలిపి వాడి ఫలితం చూపించాడు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీలో తయారుచేసిన మందు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ జబ్బు మన దేశంలో తక్కువే గానీ వచ్చేది ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి. అంటే మన క్యూబికల్స్ వయసే. తొందరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. గడ్డ చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు, అందుకే సిగ్గుపడి నెలలు గడిపేస్తారు. డెబ్భై ఏళ్ళ కిందట ఒకాయన ఎలుకకి వచ్చిన వాపునే పట్టించుకున్నాడు. మనది మనం పట్టించుకోడానికి సిగ్గెందుకు బాబూ!