లక్క పలకపై పల్లె పదము

కోనసీమలో పెక్కు ఊళ్ళకు విద్యుద్దీపము రాకముందే గ్రామఫోను పాట వచ్చినది. పిడి త్రిప్పి స్ప్రింగు బిగించిన పెట్టెకు విద్యుత్తుతో పనిలేదు గదా! నిమిషమునకు 78 చుట్లు తిరిగిన ఆ నల్లని పలకను నేడు కొందరు ప్లాస్టిక్కు అనుకొందురు. కాదు, అది లక్క. మన కంసాలి వాడు లక్కయే, రాతిపొడి కలిపి అచ్చొత్తినది. చేయి జారినచో పెంకువలె పగిలెడిది. వినైల్ దీర్ఘ రికార్డులు 1948లో గాని వెలువడలేదు.

ఆ లక్క పలకలపై నాటక పద్యములతోపాటు పల్లె పదములును చేరినవి. కాకినాడలో 1920లో జన్మించిన వింజమూరి అనసూయాదేవిగారు ఎనిమిదేండ్ల ప్రాయముననే రికార్డు ఇచ్చినారు. పిమ్మట సోదరి సీతాదేవిగారితో కలిసి జానపద గేయములను మద్రాసు రేడియో ద్వారా పట్టణ శ్రోతల చెవిని వేసినారు.

అయితే పది అంగుళముల పలకకు ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషముల పాటయే. దంపుళ్ళ పాటకు కొలత రోటిలోని వడ్లు. పడవ పాటకు కొలత కాలువ దూరము. నాట్లలో ఒకామె ఎత్తుకొన్నచో తక్కినవారందరును అందుకొందురు. రికార్డులో ఆ అందుకొను గొంతుల చోట చాలమట్టుకు హార్మోనియము, తబలా కూర్చున్నవి. చరణములు రాలిపోయినవి. చీటీపై గాయకుల పేరుండును. పాట ఏ ఊరి చేనిలో, ఎవరి నోట విన్నదో సాధారణముగా ఉండదు.

ఇందుకు రికార్డును నిందింపలేము. బురదలో వంగి నాటిన ఆ తల్లుల గొంతే వినవలెనని మాకు కోరిక. సూది గీర క్రింద మిగిలినవి మాత్రము ఆ మూడు నిమిషములే.