సూది పని స్కానింగుకి వచ్చిన కథ

నెగటివ్ గ్రూపు కోడలిని స్కానింగుకి తీసుకొచ్చిన అత్తగార్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: “పొట్టమీద జెల్లు రాసి చూస్తే లోపల బిడ్డకి రక్తం తక్కువుందని ఎట్లా తెలుస్తుంది డాక్టరమ్మా?” తెలివైన ప్రశ్న. పాతికేళ్ల కిందట దీనికి జవాబు సూదే.

ఆక్లండులో విలియం లైలీ 1961లో ఆ సూది పద్ధతికి ఒక గ్రాఫు గీసిచ్చాడు. నెగటివ్ గ్రూపు తల్లి ఒంట్లో, పాజిటివ్ బిడ్డ రక్తానికి ఎదురుగా పుట్టిన యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలను పగలగొడితే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఉమ్మనీటిలోకి చేరుతుంది. సూదితో ఉమ్మనీరు తీసి, ఆ పసుపు ఎంతుందో కాంతితో కొలవాలి. 1963లో ఆయనే కడుపులో ఉన్న బిడ్డ పొట్టలోకి రక్తం ఎక్కించాడు. గొప్ప పనులే. కానీ గుచ్చిన ప్రతిసారీ గర్భం పోయే భయం ఉండేది. పైగా బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే యాంటీబాడీలు ఇంకా పెరగొచ్చు. జబ్బును కొలవబోయి దాన్నే పెంచడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

స్కానింగులో రక్తం పారే వేగాన్ని చూపే డాప్లర్ ఈ ఇబ్బంది తీర్చడానికి రాలేదు. 1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌గెరాల్డ్, డ్రమ్ బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని దానితో పట్టుకున్నారు. తర్వాత రాటర్‌డామ్‌లో వ్లాదిమిరాఫ్ బృందం బిడ్డ తలకు వెళ్లే రక్తనాళాలను చూసింది. మాయ నుంచి పోషణ చాలని బిడ్డ ఉన్న రక్తాన్ని ముందు మెదడుకే పంపుకుంటుంది. కడుపులోనే ఇంత ముందుచూపు!

2000లో జాన్‌కార్లో మారి బృందం అదే తలలో వేరే ప్రశ్న వేసింది. ఎర్రకణాలు తగ్గిన రక్తం పలచబడుతుంది, గుండె దాన్ని ఎక్కువగా తోస్తుంది. గంజి కన్నా నీళ్లు త్వరగా జారినట్టు అది వేగంగా పారుతుంది. అయితే మెదడు మధ్య ధమనిలో వేగం కొలిస్తే చాలదా? 111 మంది బిడ్డల్ని చూస్తే, ఒక మాదిరి నుంచి తీవ్రం దాకా రక్తహీనత ఉన్నవాళ్లలో ఒక్కరూ తప్పిపోలేదు. 12 శాతం మాత్రం ఉత్తుత్తి హెచ్చరికలు. 30 వారాలకు మామూలు వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు; 60 దాటితే మేం కంగారుపడతాం. 2006లో ఉమ్మనీటి పరీక్షతో పోల్చినప్పుడు కూడా డాప్లరే నెగ్గింది.

చూడ్డానికి తేలిక, చెయ్యడానికి కాదు. ధమని మొదలయ్యే చోటే, కిరణం దానికి సూటిగా ఉండేలా పట్టుకోవాలి. ప్రోబుతో తల నొక్కితే లెక్క మారిపోతుంది. బిడ్డకు సరిగ్గా అప్పుడే ఎక్కిళ్లొస్తాయి.

తల్లి ఒంట్లో ఆ యాంటీబాడీలు పుట్టకుండా ఆపి, అసలు ఇంతదూరం రానివ్వని యాంటీ-డి ఇంజెక్షను 1968 నుంచీ ఉంది. అయినా మొదటి అబార్షన్ అప్పుడు ఎవరూ వెయ్యని అమ్మాయిలు ఇప్పటికీ నా బల్లమీదకు వస్తారు. వాళ్ల బిడ్డల్లో వేగం గీత దాటితే రక్తం ఎక్కించడానికి మళ్లీ సూదే తీయాలి.