కామాఠిపుర నుంచి కల్యాణ్ దాకా: మనవాళ్లు బొంబాయి నడిబొడ్డును ఎందుకు వదిలారు?



మన పెద్దలు తరచూ అనే మాట ఒకటుంది. "ఈ కాలం పిల్లలకు ఊరి మనుషుల మీద ప్రేమ లేదు. అందుకే కల్యాణ్, వసై, పన్వేల్ అంటూ తలో దిక్కు పోయారు" అంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. ప్రేమ తగ్గి పోయినవాళ్లు ఉండొచ్చు గానీ, ఎక్కువమందిని పంపింది నెలాఖరు లెక్క. ఆ లెక్క నిన్న మొన్నటిది కాదు. దానికి నూట ఇరవై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

మొదట రెండు సంఖ్యలు చూడండి. 2001 జనగణనలో బొంబాయి ద్వీప నగరం, అంటే కొలాబా నుంచి మాహిం, సయన్ దాకా ఉన్న పాత ఊరు, జనాభా 33.38 లక్షలు. 2011కి అది 30.85 లక్షలకు దిగింది. అదే పదేళ్లలో పక్కనున్న ఠాణా జిల్లా 81 లక్షల నుంచి 1 కోటి 10 లక్షలకు పెరిగింది. కాబట్టి పోయింది మనం ఒక్కళ్లమే కాదు. మరాఠీ మిల్లు కార్మికుడూ పోయాడు, గుజరాతీ చిల్లర వ్యాపారీ పోయాడు. వాళ్లతో పాటు మనమూ పోయాం.

ఇక మొదటి నుంచి చెప్పుకుందాం. 1780ల్లో వర్లీ దగ్గర సముద్రపు గండికి హార్న్‌బీ కట్ట వేశాక, లోపలి పల్లపు నేలలు నివాసానికి పనికొచ్చాయి. నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు అక్కడ చేరారు. వాళ్లను కామాఠీలు అనేవారు. వాళ్ల పేరు మీదే కామాఠిపుర ఏర్పడింది. ఈ నగరంలో రాళ్లు మోసి భవనాలు లేపిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. బట్టల మిల్లులు వచ్చాక తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో నిండారు.

మొదటి దెబ్బ 1896లో వచ్చిన ప్లేగు. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఇరుకు వాడలు కొట్టేసి వెడల్పు రోడ్లు వేశారు. దాదర్, మాటుంగాల్లో కొత్త పేటలు వేశారు. కానీ ఇల్లు పోయినవాడొకడు, కొత్త పేటలో చేరినవాడు ఇంకొకడు. కొత్త పేటల అద్దె కట్టగలిగింది గుమాస్తాలు, వకీళ్లు. కూలివాడు మిగిలిన పాత వాడల్లోనే ఇంకా ఇరుక్కున్నాడు. అద్దెలు పెరిగాయి.

ఆ ఒత్తిడి తగ్గించడానికి 1920లో డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ పెట్టి, ఊళ్లోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద రూపాయి పన్ను వేసి, ఆ డబ్బు కూడా కలిపి చాళ్లు కట్టారు. మనం ఇప్పటికీ బీడీడీ చాళ్లు అంటున్నవి అవే. వర్లీ, నాయగావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్, సెవ్రీలో కలిపి 207. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. విచిత్రం ఏమిటంటే, కట్టిన కొత్తలో వర్లీలో చాలా ఖోలీలు ఖాళీగా పడి ఉండేవి. పనిచోటికి దూరం, అద్దె భారం. ఇంటి కొరతతో అల్లాడుతున్న ఊళ్లోనే ఇళ్లు ఖాళీ! ఇల్లు ఉంటే చాలదు, అందులో బతికే ఖర్చు చేతికి అందాలి అన్న పాఠం అప్పుడే దొరికింది.

రెండో మలుపు 1947 అద్దె చట్టం. 1940 సెప్టెంబరు నాటి అద్దెల దగ్గర కట్టివేసింది. మన తాతలు, నాన్నలు బొంబాయిలో నిలదొక్కుకున్నది ఈ చట్టం నీడలోనే. ఆ మేలు మరువకూడదు. అయితే దాని వెనక ఇంకో సంగతి ఉంది. అప్పట్లో ఇంటి పన్ను కూడా అద్దె మీదే లెక్క. అద్దె ఆగితే పన్నూ ఆగింది. పాత చాళు మీద పన్ను నామమాత్రం, కొత్త భవనం మీద ఎంతో ఎక్కువ. యజమానికి రాబడి లేక మరమ్మతు మానేశాడు. మెట్లు ఊగాయి, పైకప్పులు కారాయి, వానాకాలంలో భవనాలు కూలాయి. చివరికి 1969లో మరమ్మతుల బోర్డు పెట్టి, పాత భవనాల మీద సెస్సు అనే ఇంకో పన్ను వేశారు. అలా సెస్సు కిందికి వచ్చిన భవనాలు 19,642.

ఈ కాలంలోనే మొదటి వలస చప్పుడు లేకుండా జరిగింది. ఒక ఖోలీలో ముగ్గురు అన్నదమ్ములు. పెళ్లిళ్లయ్యాయి. పక్కన ఇంకో ఖోలీ కావాలంటే పగ్డీ ఇవ్వాలి, దాని ధర ఆకాశంలో ఉంది. కాబట్టి పెద్దన్న ఖోలీలో ఉండిపోయాడు, తమ్ముళ్లు డోంబివలీ, కల్యాణ్ లోకల్ బండి ఎక్కారు. కుటుంబం విడిపోలేదు, చోటు చాలలేదు. అంతే.

మూడో దెబ్బ అందరికీ తెలిసిందే. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు. చాలామంది మళ్లీ పనిలోకి వెళ్లనే లేదు. చేతిలో పని తెలిసిన మనవాళ్లు భివండీ సాంచాల దగ్గరికి పోయారు. అక్కడికి మగ్గాలు ఎందుకు చేరాయి? మిల్లు గుడ్డ మీద ఎక్సైజు భారం ఎక్కువ, చిన్న పవర్‌లూమ్ మీద తక్కువ. పైగా కరెంటూ జాగా కూలీ అన్నీ చవక. తర్వాత అదే భివండీలో గోదాములు బారులు తీరాయి. దానికి ఒక పెద్ద కారణం ఆక్ట్రాయ్. సరుకు బొంబాయి నాకా దాటితే పన్ను పడుతుంది, అందుకని బయటే దించుకునేవారు. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక గానీ బొంబాయిలో ఆక్ట్రాయ్ పోలేదు. చూశారా, మనిషి కంటే ముందు పన్ను భయంతో సరుకు ఊరు దాటింది. సరుకు వెంట పని, పని వెంట మనిషి.

మిల్లు జాగాల సంగతి కూడా చెప్పాలి. 1991 నియమాల ప్రకారం, అమ్మకానికి పెట్టిన మిల్లు నేలను మూడు భాగాలు చేసి ఒకటి నగరానికి, ఒకటి మ్హాడా ఇళ్లకు, ఒకటి యజమానికి ఇవ్వాలి. 2001 సవరణతో ఆ పంపకం భవనాలు లేని ఖాళీ నేలకే పరిమితమైంది. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మిగతా చోట మాల్‌లు, టవర్లు లేచాయి. చుట్టూ ఇలా మారితే కిరాణా కొట్టు, కూరగాయల బండి, పిల్లల ఫీజు అన్నీ ఆ లెక్కకే ఎగబాకుతాయి.

ఇప్పుడు మన ముందున్నది నాలుగో మలుపు. బీడీడీ చాళ్ల స్థానంలో టవర్లు లేస్తున్నాయి, ఖోలీవాడికి 500 చదరపు అడుగుల సొంతిల్లు ఉచితం. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి కుటుంబాలకు తాళాలు అందాయి. సంతోషమే. మూడు తరాలు నల్లా దగ్గర వరుసలో నిలబడినవాళ్లకు అది న్యాయం. 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 2022 నుంచి ఇంటి పన్ను మినహాయింపు కూడా ఉంది. మరి భయమెందుకు?

ఎందుకంటే టవర్‌లో లిఫ్టు ఉంది, పంపు ఉంది, కాపలా ఉంది, అగ్నిమాపక ఏర్పాటు ఉంది. వీటి ఖర్చు ప్రతి నెలా వస్తుంది. పింఛను లేని మిల్లు కార్మికుడి భార్యకు పన్ను రసీదైనా మెయింటెనెన్స్ బిల్లైనా ఒకటే, చేతిలోంచి పోయే డబ్బే. మరోపక్క ఆ ఇంటి ధర కోట్లలో పలుకుతుంది. అమ్మితే కల్యాణ్‌లో పెద్ద ఇల్లు, మిగిలిన డబ్బుతో కూతురి పెళ్లి, కొడుకు చదువు. ఎవరికి వాళ్లు చేసే ఈ లెక్క తప్పు కాదు. అయితే వంద ఇళ్లు ఇదే లెక్క చేస్తే ఆ వీధిలో బతుకమ్మ ఆడడానికి పదిమంది మిగలరు. తెలుగు మాధ్యమం బడికి పిల్లలు చాలరు. ఇంటికి ధర దొరుకుతుంది, ఇరుగుపొరుగుకు దొరకదు.

అందుకని నేను కోరేవి మూడు. ఒకటి, వెళ్లినవాళ్లను నిందించడం ఆపుదాం. వాళ్లు మనల్ని వదల్లేదు, ఖర్చును వదిలారు. రెండు, టవర్లలోకి వెళ్లే కుటుంబాలతో కూర్చుని నెల ఖర్చు కాగితం మీద రాసి చూపిద్దాం. తొందరపడి అమ్మినవాడు ఆ ధరకు మళ్లీ లోపలికి రాలేడు. ఒంటరి పెద్దల మెయింటెనెన్స్‌కు చిన్న నిధి పెట్టగలమేమో ఆలోచిద్దాం. మూడు, సంఘం మాత్రం పాత చిరునామాకే అంటుకుని కూర్చోకూడదు. మనుషులు భివండీ, కల్యాణ్, నవీ ముంబయిల్లో ఉంటే, తెలుగు తరగతి, గ్రంథాలయం అక్కడికీ వెళ్లాలి.

మీ ఇంట్లో పాత భాడా రసీదులు, మిల్లు పాసులు, సెస్సు నోటీసులు ఉంటే పారేయకండి. మన చరిత్ర తామ్రపత్రాల మీద లేదు, ఆ చినిగిన కాగితాల మీదే ఉంది. ఒక్కో కాగితం ఫోటో తీసి, అందులో ఎవరెవరి పేర్లున్నాయో పెద్దల్ని అడిగి వెనక రాసి ఉంచండి. అడగడానికి ఆ పెద్దలు ఇంకా ఉన్నారు.