పడవకు నిదానమే పొదుపు

హైదరాబాద్ శివారులోని ఇంద్రేశం, పటాన్‌చెరుల సరుకు ఎక్కువగా లారీల మీదే సాగుతుంది. గోదావరి డెల్టా మాత్రం ఒకప్పుడు తన సరుకును నీటి మీద నడిపింది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలను ఇంజనీరు కాటన్ దొర సాగుకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తలపెట్టాడు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద మోకు పట్టి లాగే మనుషులు. కొద్దిమందే టన్నుల కొద్దీ ధాన్యాన్ని కదిలించగలిగారంటే కారణం, నిదానంగా పోయే పడవను నీరు పెద్దగా అడ్డుకోదు. ఇంజను వచ్చాకా ఈ లెక్క మారలేదు. బరువైన పడవ వేగం రెట్టింపైతే కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లు, కిలోమీటరుకు కాలే డీజిలు నాలుగు రెట్లు అవుతుంది. ఒక ట్యాంకుతో ఎంత దూరం పోతామన్నది చాలావరకు సరంగు చేతిలోనే ఉంది.

ఆ నిదానం వల్లే కాలువలు రైలుకూ లారీకీ ఓడిపోయాయి కదా అనవచ్చు. చేపలకూ కూరగాయలకూ ఆ మాట నిజమే; వడ్లకూ ఇసుకకూ ఒక రోజు ఆలస్యం నష్టం కాదు. వరద గోదావరికి ఎదురెక్కే లాంచీకి మాత్రం మరీ నిదానమూ దండగే, ప్రవాహ వేగాన్ని మించితేనే దారి సాగుతుంది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలతో పాటు భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరినీ నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆ దారిలో పూడిక తీసి, బరువు సరుకును మళ్లీ నీటి మీదికి తేవాలి.